డోర్ తీస్తే కారు లోపలి లైటు వెలగడం లేదా? ఫ్యూజు వదిలేసి ఎర్త్ చూడండి

మీరు రాసింది ఇదీ: 2003 మోడల్ పెట్రోలు కారు. డోర్ తీస్తే కప్పు లైటు వెలగదు, గతుకుల్లో మాత్రం డోర్లన్నీ వేసి ఉన్నా మిణుకు మిణుకుమంటుంది. ఫ్యూజు రెండుసార్లు మార్చారు. గుణుపూర్‌లో మెకానిక్ వైరింగంతా మార్చాలన్నాడు. ఇప్పుడే ఒప్పుకోకండి. ముందు ఓ ఆదివారం పొద్దున్న స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోండి.

మాది పర్లాకిమిడి. మా నాన్నగారి కారు మీ కారు కంటే రెండేళ్ళు పాతది. పోయిన వానాకాలం టెక్కలిలో పెళ్ళి చూసుకుని రాత్రి తిరిగొస్తుంటే పాతపట్నం దాటాక నాన్న కళ్ళజోడు సీటు కింద పడింది. బండి ఆపి డోర్ తీశాను. లోపల చీకటే. అమ్మ ఫోన్ టార్చి పట్టుకుంటే వెతికాం. దొరికింది గానీ అప్పటికే నా మోకాలి కింద పడి ఒక కాడ విరిగింది. ఆ కాడ చేయించిన ఖర్చుకి ఒళ్ళు మండి ఈ పనిలోకి దిగాను.

లైటు దగ్గర చిన్న మీట ఉంటుంది కదా, దాన్ని ఎప్పుడూ వెలిగే వైపు నెట్టండి. వెలిగిందా? అయితే బల్బు, ఫ్యూజు, పైదాకా వచ్చే కరెంటు అన్నీ బాగున్నట్టే. వెలగకపోతే లైటు మూత ఊడదీసి చూడండి. రెండు చివరలా లోహపు టోపీలుండే గొట్టం బల్బు ఉంటుంది. దాన్ని పట్టుకునే రేకులు వదులైపోయి ఉంటే, ముందు బ్యాటరీ మైనస్ తీసి, కాస్త దగ్గరికి నొక్కితే చాలు.

మా కారులో మీట నెడితే వెలిగేది, డోర్ తీస్తే వెలిగేది కాదు. నేనూ మీలాగే ఫ్యూజుల మీద పడ్డాను. మా వీధి చివర షెడ్డులో ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ చూసి నవ్వి, "ఎర్త్ నాహిఁ, భాయి" (ఎర్త్ లేదు, తమ్ముడూ) అని తన పనిలో పడిపోయాడు. ఆ ఒక్క మాటకి ఆయన డబ్బులేమీ తీసుకోలేదు.

సంగతేమిటంటే, ఇలాంటి పాత కార్లలో చాలావాటికి బల్బుకి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది. డోర్ స్విచ్ చేసేదల్లా రెండో వైరుని బ్యాటరీ మైనస్ కలిసి ఉండే కారు బాడీకి, అంటే ఎర్త్‌కి, కలపడమే. డోర్ కీలు (హింజ్) పక్కన స్తంభంలో రబ్బరు టోపీతో బొత్తాంలా ఉంటుందే, అదే స్విచ్. దాని ఎర్త్ దాన్ని బాడీకి బిగించిన ఒక్క స్క్రూ గుండానే పోవాలి. మన వానలకి అక్కడ తుప్పు పట్టిందంటే ఎర్త్ పోయినట్టే. ఎన్ని ఫ్యూజులు మార్చినా అందుకే లాభం లేదు.

ఒక్కో డోరూ విడివిడిగా తీసి చూడండి. ఒక్కటే పనిచేయకపోతే తప్పు ఆ స్విచ్‌దే. ఏ డోర్‌కీ వెలగకపోతే పైనున్న మీట లోపలి రేకుల్ని, అక్కడికి వచ్చే వైరుని అనుమానించాలి. వెనక డోర్లకి అసలు స్విచ్‌లే లేని మోడళ్ళున్నాయి, ముందు అది చూసుకోండి.

స్విచ్ విప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. నేను స్క్రూ తీసి స్విచ్ లాగి, తుడుద్దామని వైరు ఊడదీశాను. అంతే, అది పాములా స్తంభం లోపలికి జారిపోయింది. సైకిల్ చువ్వ కొస వంచి గాలం వేస్తే అరగంటకి చిక్కింది. మీరు వైరు ఊడదీయక ముందే దానికి దారం కట్టుకోండి.

బయటికి వచ్చిన స్క్రూ చూస్తే తల బాగానే ఉంది గానీ మరలన్నీ గోధుమరంగు పొడి. స్విచ్ వెనక రేకు మీద పచ్చటి చిలుము. గరుకు కాగితంతో రెండూ గీకి, బాడీ రంధ్రం చుట్టూ మెరిసేదాకా రుద్ది, బిగించాక కాస్త గ్రీజు రాశాను. డోర్ తీయగానే వెలిగింది. ఖర్చు పది రూపాయలు దాటలేదు.

స్విచ్చే పోయిందేమోనని అనుమానముంటే ఆ వైరుని నేరుగా బాడీకి తాకించకండి. మధ్యలో ఇంకో 5 వాట్ల బల్బు పెట్టి తాకించండి. రెండు బల్బులూ మసకగా వెలిగితే వైరు బాగుంది, స్విచ్ మార్చండి. చేతిలోది ఒక్కటే నిండుగా వెలిగితే మీ కారు వైరింగ్ వేరే రకం, అప్పుడు తెలిసినవాళ్ళకి చూపించండి.

ఇక గతుకుల్లో మిణుకు. కీళ్ళు అరిగి డోర్ కిందికి జారితే బొత్తాం పూర్తిగా నొక్కుకోదు. రబ్బరు టోపీ చిరిగినా అంతే. బొత్తాన్ని వేలితో గట్టిగా నొక్కి ఉంచి, ఎవరినైనా బండి ఊపమనండి. అప్పుడూ మిణుకుమంటే ఎక్కడో వైరు తోలు ఊడి బాడీకి తగులుతోంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 5 వాట్ల బల్బు రాత్రంతా వెలిగితే 4 యాంపియర్ అవర్లు పోతాయి. ముసలి బ్యాటరీ రెండు మూడు రాత్రులకే చేతులెత్తేస్తుంది.

ఫ్యూజు కాలిపోతూంటే మాత్రం అది వేరే కథ, షార్ట్ వెతకాలి. 15 యాంపియర్ల నీలం ఫ్యూజు ఉన్నచోట 20 పసుపుది గుచ్చడం, రాగి తీగ చుట్టడం చేయొద్దు. వెలుతురు చాలడం లేదని 10 వాట్ల బల్బు కూడా వేయకండి. నేను వేశాను, మూత వేడికి వంగి ఇప్పటికీ వాలుగానే ఉంది.

మీట నెడితే మీది వెలుగుతోందో లేదో రాయండి. అది తెలిస్తే మిగతాది చెబుతాను.