హనుమకొండలో మా వీధి మురుగు కాలువ పని సగంలో ఆగిపోయింది. ఎవరిని అడగాలి?

ముందు ఆ పని ఎవరిదో తేల్చుకోండి. కాలనీ రోడ్లు, మురుగు కాలువలు గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థవి. ఇటుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి వేరే శాఖది. ఈ తేడా తెలియకే చాలా అర్జీలు బల్లలు మారుతుంటాయి.

సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నాయకులకు నోటిమాటగా చెప్పినా తప్పులేదు గానీ, ఆధారం మిగలదు.

అసలు పట్టు 2005 నాటి సమాచార హక్కు చట్టంలో ఉంది. 10 రూపాయల రుసుముతో పని అంచనా ప్రతి, జరిగిన పనిని కొలిచి రాసే కొలతల పుస్తకం నకలు అడగండి. గుత్తేదారుకు బిల్లు చెల్లించేది ఆ కొలతలను బట్టే. 30 రోజుల్లో జవాబివ్వాలి. సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనా కూడా కోరవచ్చు. సగంలో ఆగిన కాలువ ఆ పుస్తకంలో పూర్తయినట్టు కనిపిస్తే, ఫొటోలు జతచేసి నేరుగా నగరపాలక సంస్థ కమిషనరుకే రాయండి.