ముందు మీ చేత డబ్బు కట్టించేవాడు కొనుగోలుదారు కాడు

అన్నా, తిరుపతి యాత్రికుల వసతి కోసమని కొని పెట్టుకున్న డొమైన్ పేరుకు (వెబ్‌సైటు చిరునామాకు) ఎవరో 12,000 డాలర్లు ఇస్తామన్నారనీ, ముందుగా తాము చెప్పిన సైటులోనే విలువ నిర్ధారణ పత్రం తీసుకోమన్నారనీ రాశారు. దయచేసి ఆ రుసుము కట్టకండి. ఇది చాలా పాత మోసం. కొంటానన్నవాడు, పత్రం అమ్మేవాడు సాధారణంగా ఒక్కరే. రుసుము చేరగానే ఇక జవాబు ఉండదు. నేనూ ఒకసారి కట్టి పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బేరమే ఆడకుండా అంత ధర చెప్పినప్పుడే అనుమానించాలి. తిరుచానూరు రోడ్డులో సెంటు స్థలం కొనేవాడు కూడా గంటసేపు బేరమాడతాడు కదా! "పత్రం కావాలంటే ఆ ఖర్చు మీరే పెట్టుకోండి" అని రాసి చూడండి. నిజంగా కొనేవాడైతే మాట్లాడతాడు.

ఒకవేళ ఎస్క్రో (అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బును తన దగ్గర ఉంచుకునే మధ్యవర్తి సంస్థ) అంటూ లింకు పంపితే దాన్ని నొక్కకండి. పేరున్న ఎస్క్రో సంస్థ చిరునామాను మీరే టైప్ చేయండి. నకిలీ సైట్లు అచ్చం అసలువాటిలాగే ఉంటాయి. డొమైన్ల నమోదు వివరాలు చూపే ఐకాన్ (ICANN) లుకప్‌లో వాళ్లు చెప్పిన సైటు నమోదు తేదీ చూడండి, నెల కిందట పుట్టిన సైటైతే వదిలేయండి. డబ్బు ఎస్క్రోకు చేరిందని ఆ సంస్థ సైటులోని మీ ఖాతాలో చూసుకునేదాకా బదిలీ కోడ్ (డొమైన్‌ను వేరొకరి పేరుకు మార్చే రహస్య కోడ్) ఎవరికీ ఇవ్వకండి, రిజిస్ట్రార్ (మీరు డొమైన్ కొన్న సంస్థ) దగ్గర బదిలీని ఆపే లాక్ తీయకండి.

ఇప్పటికే కట్టి ఉంటే మాత్రం ఈ రోజే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి, బ్యాంకుకూ చెప్పండి. ఆ మెయిళ్లను చెరిపేయకండి.