ఏటి ఒడ్డు ఊరికి పోతున్న పాపకు

పాపా,

నీకు తుంగభద్ర ఒడ్డున ఆరోగ్య సబ్‌సెంటర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే పక్కిళ్లకు చక్కెర పంచాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా, పల్లె నర్సుగా తిరిగినదాన్ని, ఏటి ఒడ్డు ఊరంటే నాకు ముందు వరదే గుర్తొస్తుంది.

నీకు తెలిసినవి ఎక్కువ చెప్పను. నెలలు నిండుతున్న గర్భిణుల పేర్లు, బీపీ, షుగర్, టీబీ మందులు వాడేవాళ్ల పేర్లు నోటుపుస్తకంలో రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో. ఫోన్లో ఉన్నాయిలే అనొద్దు, కరెంటు పోతే ఫోనూ పోతుంది. ఓఆర్ఎస్, జింక్ మాత్రలు అటకెక్కించు. నీళ్లతోపాటు పాములూ వస్తాయి, పాముకాటు మందు ఏ ఆస్పత్రిలో ఉందో ముందే కనుక్కో.

ఇక బ్లీచింగ్ సంగతి. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. తుంగభద్ర పొంగి, హంద్రీ ఏటి నీళ్లకు పోయే దారి లేక వెనక్కి తన్ని, కర్నూలు మునిగింది. నాకు పక్కనే ఒక పల్లెలో డ్యూటీ. నీళ్లు తీశాక ట్యాంకు కడిగించి నింపించాను. మూల నోరు తెరిచిన బ్లీచింగ్ మూట ఉంది. వానాకాలమంతా చెమ్మలో ఉన్నదే. వాసన ఘాటుగానే వస్తోంది కదా అనుకున్నాను. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన తూచి కలిపాను. నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే క్లోరోస్కోప్ పెట్టె సంచిలోనే ఉంది, తీయలేదు. కాళ్లు పీకుతున్నాయి, రెండు రోజులుగా కూర్చోలేదు. రిజిస్టర్లో సంతకం పెట్టి, దండోరా వేయించాను, ఇక కాచకుండా తాగొచ్చని.

మూడో రోజుకు పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. డాక్టరు తిడతారని ఒక పూట ఎవరికీ చెప్పలేదు. అప్పుడు తీశాను పెట్టె. ట్యాంకు నీళ్లలో ఆ పెట్టెలోని ఓటీ మందు చుక్కలు వేస్తే రంగే రాలేదు, అంటే క్లోరిన్ లేనట్టే. నాకు రోజూ సంగటి పెట్టిన జేజికి సెలైన్ ఎక్కించడానికి నరం వెతుకుతుంటే, "నువ్వు చెప్పినావనే తాగితి గదా నర్సమ్మా" అంది. తిట్టాలని కాదు, ఊరికే అంది. ట్రాక్టర్లో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతే బతికింది. తర్వాత ఎన్నిసార్లు ఆ ఊరికి పోయినా ఆమె ఇంటి ముందు నుంచి నడవలేదు నేను.

అందుకే చెప్తున్నా. కొత్త బ్లీచింగ్‌లో క్లోరిన్ నూటికి ముప్పై మూడు పాళ్లుంటుంది. గాలి, వెలుతురు, చెమ్మ తగిలితే మిగిలేది సున్నమే. మూట మూతి గట్టిగా కట్టించు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయి. నీళ్లు బురదగా ఉంటే ముందు తేరనివ్వు, క్లోరిన్‌ను బురదే తినేస్తుంది. గంట ఆగి ఓటీ చుక్కలు వెయ్యి. లీటరుకు అర మిల్లీగ్రాము చూపిస్తేనే దండోరా. ట్యాంకు కింద కొళాయి దగ్గరే చూసి రావొద్దు, ఊరి చివరి ఇంటి కొళాయి దగ్గరా చూడు. కాళ్లు నొప్పులైతే ఆశాను పంపు. రెండిళ్లలో విరేచనాలు కనబడితే అదే పూట డాక్టరుకు ఫోన్ చెయ్యి. తిడితే తిట్టనీ.

ఇంకొకటి. వంక పారుతుంటే స్కూటీ దింపావో, నేనే వచ్చి వీపు వాయగొడతా. మోకాలి లోతే కదా అంటారు, నమ్మొద్దు. ఈత కూడా రాదు నీకు, చిన్నప్పుడు బావిలోకి దించుతామంటే నా కొంగు పట్టుకొని ఏడ్చినదానివి.

బస్సు కండక్టరుతో నా పాత టార్చిలైటు, కొత్త గొడుగు పంపుతున్నాను. బ్యాటరీలు తీసి విడిగా కాగితంలో చుట్టాను. టార్చి స్విచ్చి కాస్త గట్టిగా నొక్కాలి.

మీ పెద్దమ్మ