వసూలుకు వచ్చినవారితో ఎలా మాట్లాడాలి

చిరంజీవి మేనల్లుడికి,

అమలాపురం నుంచి మీ మామయ్య ఆశీస్సులు.

వైట్‌స్పాట్ తెగులు తగిలి రొయ్యల చెరువు ఖాళీ అయిందని, ఫైనాన్స్ కంపెనీకి మూడు వాయిదాలు తప్పాయని అక్కయ్య ఫోనులో చెప్పింది. ఆ బాకీ ఎగ్గొట్టే ఉపాయం చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు, తీసుకున్నది తీర్చవలసిందే. అయితే వసూలు మనుషులు రాత్రి తొమ్మిదింటికి అరుగెక్కి, వీధంతా వినేలా నీ పేరు పెట్టి కేకలు వేశారని విన్నాక, బ్యాంకులో అప్పుల ఫైళ్లు చూస్తూ ఉద్యోగం చేసినవాణ్ని ఊరుకోలేకపోయాను.

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం, బాకీ కోసం ఉదయం 8 గంటలకు ముందు గాని, సాయంత్రం 7 గంటల తర్వాత గాని ఫోను చేయకూడదు; బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, ఇంటివాళ్లను, స్నేహితులను ఇబ్బంది పెట్టడం ఏ వేళనైనా తప్పే. అక్కయ్య పేరున ఉన్న మైక్రోఫైనాన్స్ అప్పుకైతే ఫోను చేయదగ్గ వేళ ఇంకా తక్కువ, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. తప్పు చేసింది ఏజెంటు అని కంపెనీ చేతులు దులుపుకోవడానికి కూడా వీల్లేదు.

మళ్లీ వస్తే గొంతు పెంచకుండా గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపించమని అడుగు. నగదు మాత్రం చేతికివ్వకు. మా శాఖకు వచ్చిన ఒక కొబ్బరి రైతు ఇంటి దగ్గరే ఏజెంటుకు డబ్బిచ్చి, నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. ఆ సొమ్ము ఖాతాలో పడనే లేదు, ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకున్నవారూ లేరు. ఎంత కట్టినా నీ లోను ఖాతాకే జమ చేసి, రశీదు తీసుకో.

వాళ్లు వచ్చిన తేదీ, వేళ, అన్న మాటలు రాసిపెట్టుకుని, ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపు. వచ్చే రొయ్యల పట్టుబడి దాకా వాయిదాలు సర్దమని వేరే ఉత్తరంలో అడుగు. రెండూ ఒకే కాగితంలో కలిపితే అడిగింది పక్కకు పోతుంది. ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు; దానికి రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు. ఈలోగా ఈ పోరు పడలేక నూటికి మూడు రూపాయల వడ్డీకి ఊళ్లో ఎవరి దగ్గరా చేయి చాపకు.

ఆదివారం ఒప్పందం నకలు, ఇప్పటిదాకా కట్టిన రశీదులు తీసుకుని రా. ఫిర్యాదు ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఇట్లు,
మీ మామయ్య