సూర్యలంక స్థలానికి అడ్వాన్సు ఇచ్చేముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. బాపట్ల పక్కన సూర్యలంక బీచ్ దగ్గర ఐదు సెంట్ల స్థలం చూశావనీ, ఈ వారంలోనే అడ్వాన్సు ఇస్తున్నావనీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాస్త ఆగు నాన్నా. డబ్బు మన చేతిలో ఉన్నంతసేపే అవతలివాడు మన ప్రశ్నలకు జవాబు చెబుతాడు.

ఊళ్లో స్థలానికైతే ఈసీ (స్థలం మీద తాకట్టులు, లావాదేవీలు చూపే పత్రం), పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితా చూసుకుంటే చాలావరకు ధైర్యంగా ఉండొచ్చు. తీరంలో వీటికి తోడు సీఆర్‌జెడ్ నియమాలు, అంటే సముద్ర తీరంలో ఏం కట్టొచ్చో ఏం కట్టకూడదో చెప్పే కేంద్ర నియమాలున్నాయి. 1991లో వచ్చాయి, 2011లో, 2019లో మారాయి. పోటు ఎక్కువగా ఉన్నప్పుడు సముద్రం ఎంతవరకు ఎక్కుతుందో ఆ గీత నుంచి లోపలికి 500 మీటర్లు వాటి పరిధి. జనం పలచగా ఉన్న పల్లెల్లో మొదటి 200 మీటర్లలో కొత్త ఇల్లు కట్టనివ్వరు. సరుగుడు వేసుకోవచ్చు, కొబ్బరి పెంచుకోవచ్చు. 200 దాటాక ఇల్లు 9 మీటర్ల ఎత్తు, రెండంతస్తులు మించకూడదు. అదీ ముందు నుంచీ అక్కడున్న మత్స్యకార గ్రామాలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చిన వెసులుబాటు. నీకు వర్తిస్తుందో లేదో అధికారులను రాతపూర్వకంగా అడుగు.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. కొన్నేళ్ల క్రితం నేనూ ఆ తీరంలోనే ఒక ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చాను. సరుగుడు చెట్లు కొట్టేసి, ఇసుక దిబ్బను జేసీబీతో చదును చేసి, సున్నంతో తెల్లటి గీతలు గీశారు. పంచాయతీ ముద్ర ఉన్న ప్లాను చూపిస్తే నమ్మాను. ఇసుక దిబ్బను కదపడమే తప్పని తర్వాత తెలిసింది. సర్వే నంబరు పట్టుకుని తీర ప్రాంత మ్యాపులో చూపించుకుంటే మా ప్లాటు 200 మీటర్ల లోపలే ఉంది. అడ్వాన్సు తిరిగి రాలేదు. మీ అత్తయ్య గాజుల డబ్బు అది.

అందుకే పంచాయతీ ముద్ర ఒక్కటే చూసి తృప్తిపడకు. కొచ్చి పక్కన మరడులో పంచాయతీ పర్మిషన్‌తో లేచిన నాలుగు అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులను, సీఆర్‌జెడ్ నియమాలు మీరాయన్న సుప్రీంకోర్టు తీర్పుతో 2020 జనవరిలో కూల్చేశారు. కాపురాలున్న ఇళ్లవి.

అలలు కనిపించే చోటు నుంచి టేపు పట్టి కొలవకు. నేను మొదట చెప్పిన పోటు గీత తీర ప్రాంత నిర్వహణ ప్రణాళిక మ్యాపులో ఉంటుంది. 2019 నియమాల ప్రకారం కొత్త మ్యాపు ఆమోదం పొందేదాకా 2011 నియమాలే నడుస్తాయి కాబట్టి, మన తీరానికి ఇప్పుడు ఏ మ్యాపు అమల్లో ఉందో ముందు అడగాలి. పోటు నీళ్లెక్కే కాలువ పక్కనుంటే దాని ఒడ్డుకూ నియమాలుంటాయి.

బోరు వేసిస్తానని బ్రోకరు చెప్పినా ఒప్పుకోకు. తీరం పక్కన మోటారుతో తోడేస్తే తీపినీళ్లు అయిపోయి ఉప్పునీళ్లు ఎక్కుతాయి. పక్క ఊరి బావి కూడా పాడవుతుంది.

శనివారం డాక్యుమెంట్ల జిరాక్సులు తీసుకుని రా. పొద్దున్నే ఇద్దరం బాపట్ల వెళదాం. అప్పటిదాకా ఎవరికీ రూపాయి ఇవ్వకు.

మామయ్య