పగులు సంగతి తరువాత, పడవ ఎవరిది?

సందేహం: మేము హనుమకొండలో ఉంటాం. నేనూ మా వారూ ఉపాధ్యాయులం. ఆదివారాలు నీటి మీద గడపాలని మాకు పెళ్లినాటి కోరిక. 2024 డిసెంబర్ 8న సికింద్రాబాద్‌కు చెందిన ఒక వ్యక్తి దగ్గర పదమూడడుగుల పాత తెరచాప పడవను 1,60,000 రూపాయలకు కొన్నాం. 90,000 ఫోను ద్వారా పంపాం, 70,000 నగదుగా ఇచ్చాం. రశీదు తీసుకోలేదు. పడవను ఆయనే మా ఇంటికి చేర్చాడు. రెండో ఆదివారమే అడుగున పగులు బయటపడింది. పైన పుట్టీ పూసి దాచాడు. బాగుచేయడానికి 40,000 అడుగుతున్నారు. పిల్లలు రోజూ పడవెప్పుడని అడుగుతున్నారు, చుట్టాలు నవ్వుతున్నారు, మా వారికి నిద్ర పట్టడం లేదు. ఈ జనవరిలో ఎవరో ఫోన్ చేసి, పడవ తనదని, దాచి ఉంచమని మాకు అమ్మినవాడికి అప్పగించానని కూడా అన్నారు. అమ్మిన మనిషి పట్టించుకోవద్దంటున్నాడు. కరీంనగర్‌లో ఒకరు 1,80,000కు కొంటామంటున్నారు. మాకు మరమ్మతు ఖర్చు, మానసిక వేదనకు పరిహారం వస్తాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం చాలావరకు పగులు గురించే. కేసును తేల్చేది మాత్రం ఆ ఫోన్ గురించి రాసిన ఒక్క వాక్యం. దాన్ని చివర్లో రాశారు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను.

సొంతదారు కానివాడు వస్తువును అమ్మితే, అతనికి ఉన్న హక్కుకు మించి కొన్నవారికి దక్కదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ సారాంశం ఇది. మీరు నమ్మి కొన్నారు, పూర్తి ధర చెల్లించారు. అయినా ఆ పడవ నిజంగా ఆ మూడో వ్యక్తిదే అయితే మీకు నిలవకపోవచ్చు. మినహాయింపులు ఉన్నాయి. అమ్మే అధికారం ఇతనికి ఉందని అసలు యజమాని తన ప్రవర్తనతో మిమ్మల్ని నమ్మించి ఉన్నా, అమ్మిన మనిషి పడవలు అమ్మిపెట్టే వ్యాపారి అయి, యజమాని సమ్మతితో పడవ అతని చేతిలో ఉన్నా, పరిస్థితి మీకు అనుకూలంగా మారుతుంది. అందుకే మొదట తెలియాల్సింది ఒక్కటే: పడవను అతనికి దాచమని ఇచ్చారా, అమ్మిపెట్టమని ఇచ్చారా?

ఇక కాలపరిమితి. దీన్ని రెండుసార్లు చదవండి. పద్నాలుగు నెలలు గడిచాయి కదా, ఇప్పుడొచ్చి అడిగితే చెల్లుతుందా అని మీరు ధైర్యంగా ఉంటే పొరపాటు. దాచడానికి ఇచ్చిన వస్తువును, దాచినవాడి దగ్గర డబ్బిచ్చి కొన్నవారి నుంచి తిరిగి పొందేందుకు 1963 నాటి కాలపరిమితి చట్టం 71వ అధికరణం మూడేళ్లు ఇస్తుంది. ఆ గడువు మొదలయ్యేది మీరు కొన్న రోజు నుంచి కాదు, అమ్మకం సంగతి అసలు యజమానికి తెలిసిన రోజు నుంచి. ఆయనకు ఈ జనవరిలోనే తెలిసి ఉంటే, 2029 జనవరి వరకు దావా వేయవచ్చు. అమ్మిన మనిషి మీద మీకున్న మూడేళ్లు మాత్రం కొన్న రోజు నుంచే నడుస్తున్నాయని లెక్కపెట్టండి. అంటే 2027 డిసెంబర్ 8. మోసం బయటపడిన రోజు నుంచి లెక్కించమని 17వ సెక్షన్ కింద వాదించవచ్చు, కానీ వాదన మీద ఆధారపడి గడువు దాటనివ్వకూడదు. ఆ మూడో వ్యక్తి ఏం చేస్తాడో చూద్దామని కూర్చుంటే, పడవ పోయే నాటికి డబ్బు అడిగే దారి కూడా మూసుకుపోవచ్చు.

కరీంనగర్ బేరం ఈ రోజే వదులుకోండి. జనవరికి ముందు మీరు తెలియక కొన్నవారు. ఆ ఫోన్ తరువాత, హక్కుపై వివాదం ఉందని తెలిసినవారు. ఆ సంగతి దాచి అమ్మితే, ఇవాళ మీరు ఎవరిని మోసగాడంటున్నారో అతని స్థానంలో మీరే నిలబడతారు. ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతే, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు నమోదైతే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. మన వైపు అంగడిలో ఎడ్ల జత కొన్నా రశీదు రాయించుకుంటారు. చదువు చెప్పే మీరు లక్షా అరవై వేలు ఇచ్చి ఒక్క కాగితం అడగలేదు. పగులు కనిపించాక ఏడాదిపాటు ఒక్క ఉత్తరం రాయలేదు. ఇంజను లేని తెరచాప పడవకు కారులా ప్రభుత్వ పుస్తకంలో యజమాని పేరు దొరకకపోవచ్చు. అందుకే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే కాగితాలకు అంత విలువ.

ఇప్పుడు సాక్ష్యం కూడగట్టండి. ఫోను మార్చకండి, సంభాషణ చెరపకండి. వాటిని కోర్టులో పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. “ఆ రోజు నగదుగా తీసుకున్న 70,000కు రశీదు పంపండి” అని అమ్మిన మనిషికి సందేశం పెట్టండి. అతని జవాబు ఏదైనా పనికొస్తుంది. రశీదు ఇస్తే ఇవాళ్టి తేదీతోనే తీసుకోండి, పాత తేదీ వేయించవద్దు. పడవను అన్ని వైపులా ఫొటోలు తీయండి, తెరచాప మీద అంకె ఉంటే అది స్పష్టంగా కనిపించాలి. ఫోన్ చేసిన వ్యక్తిని కొనుగోలు బిల్లు, పాత ఫొటోలు రాతపూర్వకంగా అడగండి. అంకె కలిస్తే ఆయన మాటకు బలం ఉన్నట్టే. అవి చూడకుండా పడవ అప్పగించకండి. పోలీసులు తీసుకెళ్తే పంచనామా నకలు అడగండి.

పగులు గురించి క్లుప్తంగా: బాగుచేయించకండి. సాక్ష్యం చెరిగిపోతుంది, పరాయి పడవ మీద 40,000 పోతాయి. వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లే. పైగా ఒక్కసారి పడవ అమ్మిన వ్యక్తిని అక్కడ కావాల్సినట్టు వ్యాపారిగా చూపడం కష్టం. వేదనకు పరిహారం మీద ఆశ పెట్టుకోవద్దు.

మీరు అడగాల్సింది 40,000 కాదు, మొత్తం 1,60,000. అమ్మే హక్కు తనకుందన్న హామీ, రాయకపోయినా, వస్తు విక్రయ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ప్రతి అమ్మకంలోనూ ఉంటుంది. అది తప్పితే ధర పూర్తిగా వెనక్కి అడగవచ్చు. ఈ నెలలోనే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. పడవ మీ ఇంటి దగ్గర అప్పగించాడు కాబట్టి దావా హనుమకొండలోనే వేయవచ్చు. అంతకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. దరఖాస్తు మీ పేరుతో పెట్టండి. దావా వేయకముందే ముగ్గురినీ లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టమని కోరండి. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. సంభాషణల ప్రతులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పడవ ఫొటోలు మొదటి రోజే వెంట తీసుకెళ్లండి.