కుటుంబంతో ఏడాదంతా ప్రయాణిస్తూ ఆరోగ్యంగా ఉండటం ఎలా?

హైదరాబాదులో అద్దె ఇల్లు ఖాళీ చేసి, పిల్లలతో ఏడాది పొడవునా ఊళ్లు తిరగబోతున్నామని, తిండినీ వ్యాయామాన్నీ ఎలా కాపాడుకోవాలని అడిగారు. నా దృష్టిలో ముందుగా సర్దుకోవలసినది వంట సామగ్రి. మూడు లీటర్ల కుక్కరు, ఇండక్షన్ స్టవ్, పోపులపెట్టె, బియ్యం, కందిపప్పు, రాగిపిండి వెంట ఉంటే రోజుకు ఒక పూట భోజనమైనా మన చేతిలో ఉంటుంది. అయితే బస చేసే గదిలో వండుకోనిస్తారో లేదో ముందే కనుక్కోవాలి. ఉదయం నానబెట్టిన పెసలను రాత్రి నీరు వంపి తడిగుడ్డలో మూటకట్టి ఉంచితే, మరునాటికి తెల్లని మొలకలు గుడ్డను పొడుచుకుని బయటికి వస్తాయి. వాటిపై నిమ్మరసం పిండి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర కలిపితే పిల్లలు కూడా ఇష్టంగా తింటారు.

బయట తినక తప్పనప్పుడు ఇడ్లీ, పెసరట్టు, పెరుగన్నం మేలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దంటుంది. హోటలు కూరలకు ఆవకాయ కూడా తోడైతే ఆ హద్దు తెలియకుండానే దాటిపోతాము, కనుక పచ్చడి సీసా ఎంత ప్రియమైనదైనా పొదుపుగా వాడండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమను సూచిస్తోంది. ఇక్కడ కేబీఆర్ పార్కులో నడిచినట్టే, చేరిన ప్రతి ఊరిలోనూ చెరువుగట్టునో, కోట మెట్లనో వెతుక్కుని, ఎండ ముదరక ముందే అందరూ కలిసి నడవండి. రాత్రి ప్రయాణాలను వీలైనంత తగ్గించండి. నిద్ర చాలని పిల్లలు మరునాడు సరిగా తినరు, నడవరు.